డైవింగ్ మాస్క్‌లో రీడింగ్ లెన్స్ అంటించుకోవచ్చా, ఎంత పవర్ తీసుకోవాలి?

ప్రశ్న: నమస్తే అండీ. నాకు 51 ఏళ్ళు, వైజాగ్‌లో ఉంటాం. పిల్లలు చదువులకి బయటికెళ్ళిపోయాక నేనూ మావారూ అండమాన్‌లో ఓపెన్ వాటర్ కోర్సు (డైవింగ్‌లో మొదటి కోర్సు) చేశాం, అప్పట్నుంచి వీలున్నప్పుడల్లా డైవింగ్‌కి వెళ్తున్నాం. దూరం చూపు బానే ఉంది, చదవడానికి మాత్రం +2.00 అద్దాలు వాడతాను. నీళ్ళలో దిగాక చేతికున్న డైవ్ కంప్యూటర్‌లో (లోతూ టైమూ చూపించేది) అంకెలూ, ప్రెజర్ గేజూ (సిలిండర్‌లో గాలెంతుందో చూపించేది) రెండూ మసగ్గా ఉంటున్నాయి. మావారే దగ్గరికొచ్చి చూసి వేళ్ళతో ఎంతుందో చెప్తారు. మాస్క్ అద్దానికి లోపల అంటించుకునే రీడింగ్ లెన్సులు ఉంటాయంట కదా, అవి నిజంగా పనిచేస్తాయా? నీళ్ళలో ఊడిపోవా? +2.00 తీసుకోవాలా, ఇంకా ఎక్కువా? అసలు పవర్ అద్దాలున్న మాస్కే కొనుక్కోవడం మంచిదా? జనవరిలో మళ్ళీ అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి వెళ్తున్నాం. మావారేమో "నేను చూస్తున్నాను కదా, నీకెందుకు ఆ ఖర్చు" అంటున్నారు.

సమాధానం: నమస్తే అండీ. ముందు మీవారి మాటకి జవాబు చెప్పి తర్వాత లెన్స్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే నా దృష్టిలో ఇందులో అన్నిటికంటే పెద్ద విషయం అదే.

మీ గేజ్ మీరే చదువుకోవాలండి. ఆయన ఎంత జాగ్రత్తపరుడైనా సరే. బడ్డీ, అంటే నీళ్ళలో జతగా దిగే తోడు, ఉన్నది ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడానికి, అంతేగానీ ఒకరికి కళ్ళు లేకపోతే ఇంకొకరి కళ్ళతో డైవ్ చెయ్యడానికి కాదు. కోర్సులో మీకూ చెప్పే ఉంటారు, బడ్డీ కనపడకపోతే ఒక్క నిమిషం చుట్టూ చూసి, అప్పటికీ కనపడకపోతే పైకి రావాలని. ఆ నిమిషం తర్వాత మీరొక్కరే పైకి వస్తున్నప్పుడు ఎంత లోతులో ఉన్నారు, ఎంత స్పీడుగా లేస్తున్నారు, ఇంకా గాలెంత ఉంది అనేవి మీకు ఎవరు చెప్తారు? నిమిషానికి 9 మీటర్లు మించకుండా రావాలి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి, ఈ రెండూ అంకెలు కనపడితేనే జరిగే పనులు. హేవ్‌లాక్ చుట్టుపక్కల కొన్ని సైట్లలో నీటి ప్రవాహం బాగా ఉంటుంది, ఇద్దరు విడిపోవడం అక్కడ వింతేం కాదు. పైగా 18 మీటర్ల దగ్గర మన చుట్టూ ఒత్తిడి ఒడ్డు మీద కంటే దాదాపు మూడు రెట్లు, అంటే సిలిండర్‌లో గాలి కూడా ఆ లెక్కనే ఖర్చవుతుంది, అక్కడ 50 బార్ (సిలిండర్‌లో మిగిలిన గాలి ఒత్తిడిని గేజ్ బార్‌లలో చూపిస్తుంది) అనేది అనుకున్నంత సేపు రాదు. అందుకని ఇది సోకు కోసం పెట్టే ఖర్చు కాదని మీవారికి నా మాటగా చెప్పండి, కాళ్ళకి తొడిగే ఫిన్స్, నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్ ఎంత అవసరమో మీ వయసులో ఈ లెన్స్ కూడా అంతే అవసరం. ఆయనకి కూడా చత్వారం వచ్చే వయసే కదా, ఆయన చదివి చెప్తున్న అంకె సరైనదేనా అని కూడా ఒకసారి చెక్ చేసుకోండి.

ఇక మీరడిగింది. అంటించే లెన్సులు పనిచేస్తాయి, బాగానే పనిచేస్తాయి. చాలామంది వాడేది హైడ్రోటాక్ అనే రకం, మెత్తగా రబ్బరు ముక్కలా ఉండే పలచటి పారదర్శక ప్లాస్టిక్, అర్ధచంద్రాకారంలో ఉంటుంది, +1.25 నుంచి +3.00 దాకా పవర్లలో జతగా అమ్ముతారు. జిగురు ఏమీ ఉండదు, నీళ్ళతో తడిపి అద్దం మీద పెట్టి అదిమితే మధ్యలో గాలి పోయి అతుక్కుపోతుంది. కావాలంటే తీసి ఇంకో మాస్క్‌కి పెట్టుకోవచ్చు, పెద్దదనిపిస్తే కత్తెరతో అంచు కత్తిరించుకోవచ్చు. సన్‌గ్లాసెస్ కింద సగంలో చదువుకోడానికి అంటించుకుంటారు చూడండి, ఇదీ అదే కోవ.

ఎప్పుడూ లోపలి వైపే అంటించాలి. ఇది కొంతమంది తేలిగ్గా తీసుకుంటారు, లోపల ఇరుకుగా ఉంది బయట పెడితే ఏం పోయింది అని. పోయేది పవరే. లెన్స్ పనిచేసేది గాలికీ లెన్స్‌కీ మధ్య ఉన్న తేడా వల్ల, మాస్క్ లోపల గాలి ఉంటుంది కాబట్టి పవర్ మొత్తం వస్తుంది, అదే బయట నీళ్ళు తగిలే వైపు పెడితే ఆ పవర్ ఇంచుమించు మూడో వంతుకి పడిపోతుంది, +2.50 కొని +0.80 వాడుకున్నట్టు అవుతుంది.

ఇప్పుడు ఎంత పవర్ అనే దగ్గర కాస్త ఓపిగ్గా చదవండి, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. షాపులో అడిగితే "మీ రీడింగ్ పవరే తీసుకోండి" అంటారు, ఇంకొకరు "ఒక మెట్టు ఎక్కువ తీసుకోండి" అంటారు, రెండూ తప్పు కాదు కానీ ఎవరికి ఏది అనేది మీరు కంప్యూటర్‌ని ఎంత దూరంలో పట్టుకుని చూస్తారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. బకెట్ నీళ్ళలో వేసిన చెంబు పైకి తేలినట్టు కనిపిస్తుంది కదా, మాస్క్‌లోంచి చూసినా అదే, నీళ్ళలో ఉన్న వస్తువు అసలు దూరంలో ముప్పావు వంతులోనే ఉన్నట్టు, సైజు సుమారు మూడో వంతు పెరిగినట్టు కనపడుతుంది. పెద్దగా కనపడటం మనకి లాభమే, దగ్గరగా కనపడటం మాత్రం చత్వారం ఉన్న కంటికి ఇబ్బంది, ఎందుకంటే మన కంటికి చేతకానిదే దగ్గరవి చూడటం.

లెక్క వేసి చూపిస్తాను. ఇంట్లో మీరు పేపర్ 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని +2.00 తో చదువుతున్నారనుకుందాం, ఆ దూరానికి కావలసింది మొత్తం 2.50 పవర్ (100ని 40తో భాగిస్తే వచ్చేది), రెండు మీ అద్దాలు ఇస్తున్నాయి, మిగతా అర మీ కన్ను తంటాలు పడి తెచ్చుకుంటోంది. అదే 40 సెంటీమీటర్లలో నీళ్ళ కింద కంప్యూటర్ పట్టుకుంటే, మాస్క్ అద్దానికీ కంటికీ మధ్య ఉన్న గాలిని తీసేసి లెక్కేసినా, కంటికి అది 31 సెంటీమీటర్లలో ఉన్నట్టే లెక్క. దానికి 3.20 దాకా కావాలి. మీ +2.00 లెన్స్ అక్కడ చాలదు. కానీ మీరు చెయ్యి బాగా చాపి 50 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే కంటికి 38, 39 దగ్గర ఉన్నట్టు ఉంటుంది, ఇంట్లో పేపర్ చదివే దూరమే, అప్పుడు +2.00 సరిపోతుంది. అంటే ఒకే మనిషికి చెయ్యి ఎక్కడ పెడతారన్న దాన్ని బట్టి అర పాయింట్ తేడా వచ్చేస్తుంది.

అలాగని భయపడి +3.00 కొనేయకండి, దానికీ ఒక ఇబ్బంది ఉంది. దూరం చూపు బాగున్న వాళ్ళకి +3.00 లెన్స్‌లోంచి 33 సెంటీమీటర్లు దాటి కనపడేది ఏదీ స్పష్టంగా ఉండదు, నీళ్ళలో అసలు దూరంలో చెప్పాలంటే 43 దాకా వస్తుందేమో, అంతే. చెయ్యి కొంచెం ఎక్కువ చాపారంటే మళ్ళీ మసకే. +2.50 అయితే నీళ్ళలో 52 సెంటీమీటర్ల దాకా బాగుంటుంది, దగ్గరికి 40, 42 వరకు లాగుతుంది, మణికట్టు కంప్యూటర్ గానీ గొట్టం చివర వేలాడే గేజ్ గానీ మామూలుగా మనం చూసేది ఆ మధ్యలోనే. మీరు చెప్పిన వివరాలని బట్టి నా ఓటు +2.50 కే. ఎప్పుడూ చెయ్యి పూర్తిగా చాపి చూసే అలవాటుంటే +2.00. మాక్రో ఫోటోలు, అంటే చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి, తీసే వాళ్ళు కెమెరా స్క్రీన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుంటారు, వాళ్ళకి ఎక్కువ పవర్ కావాలి, మీరు కెమెరా మాట ఎత్తలేదు కాబట్టి దాని జోలికి వెళ్ళట్లేదు.

కొనే ముందు మీరే ఒక పరీక్ష చేసుకోవచ్చు, పెద్ద ఖర్చు లేదు. స్విమ్మింగ్ పూల్‌కి వెళ్ళి మాస్క్ పెట్టుకుని నీళ్ళలో మామూలుగా కంప్యూటర్ చూసినట్టు చెయ్యి పెట్టండి, పక్కన ఎవరైనా ఉంటే కంటి దగ్గర్నుంచి కంప్యూటర్ దాకా టేపుతో కొలవమనండి. ఆ దూరంలో ముప్పావు వంతు లెక్కేసుకుని, ఉదాహరణకి 44 వస్తే 33, ఆప్టికల్ షాపులో +2.00, +2.25, +2.50 రెడీమేడ్ కళ్ళజోళ్ళు ఒక్కోటి పెట్టుకుని మీ కంప్యూటర్‌ని 33 సెంటీమీటర్లలో పట్టుకుని చూడండి. ఏ అద్దాలతో అంకెలు కష్టపడకుండా కనపడ్డాయో అదే మీ పవర్. కాస్త వెలుతురు తక్కువున్న చోట నిలబడి చూస్తే ఇంకా మంచిది. వెలుతురు తగ్గితే కంటిపాప పెద్దదవుతుంది, పాప పెద్దదైతే చత్వారం ఇంకా బయటపడుతుంది, పొద్దున ఎండలో చదవగలిగిన మందు సీసా మీద అక్షరాలు సాయంత్రం చదవలేకపోవడం ఇందుకే. మన రుషికొండ వైపు నీళ్ళు చాలారోజులు మట్టిగా, చీకటిగా ఉంటాయి, అండమాన్ నీళ్ళలో బాగా కనపడిన గేజే ఇక్కడ కనపడకపోవచ్చు, మీరు ఇక్కడ కూడా దిగుతుంటే మసక నీళ్ళని దృష్టిలో పెట్టుకునే పవర్ ఎంచుకోండి. ఇంకో సంగతి, లోతుకి వెళ్ళే కొద్దీ ముందు పోయేది ఎరుపు రంగు, గేజ్ మీద 50 బార్ కింద ఎర్రగా వేసిన భాగం 18 మీటర్ల దగ్గర ఎర్రగా ఉండదు, ముదురుగా నల్లగా ఉంటుంది, కాబట్టి "ముల్లు ఎరుపులోకి రాలేదు కదా" అనే గుర్తు మీద ఆధారపడకండి, అంకె చదవాలి.

అంటించే చోటు కూడా పవర్ అంత ముఖ్యం. నీళ్ళలో మనం బోర్లా పడుకున్నట్టు ఉంటాం, తల వెనక్కి ఎత్తి ముందుకి చూస్తాం, అంటే చూపు మాస్క్ పై సగంలోంచే పోతుంది, కింద భాగం దాదాపు ఖాళీ. లెన్స్ ఉండాల్సింది ఆ కింద భాగంలోనే. అర్ధచంద్రం సమంగా ఉన్న అంచు పైకి, అది మీ కింది కనురెప్పకి ఎదురుగా లేదా ఒక పిసరు కిందకి రావాలి. ఇంకా పైకి పెడితే చేపల్ని చూసినా, మీ ముందు వెళ్తున్న డైవ్ మాస్టర్‌ని చూసినా మధ్యలో ఒక మసక గీత అడ్డం వస్తూ ఉంటుంది, తల కూడా నొస్తుంది. ఈ కొలత తీసేటప్పుడు మాస్క్ ఒక్కటే పెట్టుకుంటే చాలదు, రెగ్యులేటర్ కూడా నోట్లో పెట్టుకోండి, అది పెట్టుకుంటే పెదాలూ బుగ్గలూ సర్దుకుని మాస్క్ కూర్చునే తీరు కొంచెం మారుతుంది. అద్దం ముందు నిలబడి, లేదా మీవారిని ఎదురుగా కూర్చోబెట్టి, మాస్క్ బయటి వైపు చిన్న టేపు ముక్కతో గుర్తు పెట్టించుకోండి. రెండు కళ్ళకీ ఒకే ఎత్తులో ఉండాలి.

అంటించే ముందు మాస్క్ అద్దం మీద జిడ్డు ఏమాత్రం ఉండకూడదు. కొత్త మాస్క్ అయితే తయారీలో సిలికోన్ పొర ఒకటి అద్దం మీద మిగిలిపోతుంది, అది ఉన్నంతకాలం ఆవిరి కమ్ముతుంది, లెన్స్ కూడా సరిగ్గా పట్టదు. తెల్ల టూత్‌పేస్ట్, జెల్ కాదు, వేలితో బాగా రుద్ది కడగండి, మళ్ళీ రుద్దండి, ఆఖర్న గిన్నెల సబ్బుతో కడిగి శుభ్రంగా నీళ్ళు పోయించండి. లైటర్‌తో కాల్చే పద్ధతి ఒకటి వీడియోల్లో చూపిస్తుంటారు, నాకది నచ్చదు, సిలికోన్ అంచు దెబ్బతింటే మాస్క్ మొత్తం పోతుంది. తర్వాత ఒక బేసిన్‌లో మంచినీళ్ళు, బోరు నీళ్ళు వద్దు, ఆరాక తెల్ల మచ్చలు పడతాయి, ఆర్వో నీళ్ళయితే బాగుంటుంది, గోరువెచ్చగా ఉంటే మరీ మంచిది. మాస్కూ లెన్సూ రెండూ నీళ్ళలో ముంచి, నీళ్ళలోనే లెన్స్‌ని చోటికి జరిపి, మధ్యలోంచి అంచులకి వేలితో నెట్టుతూ నీళ్ళూ బుడగలూ బయటికి పంపించండి. బయటికి తీశాక మెత్తటి బట్టతో అద్దండి, రుద్దకండి. ఇక అక్కడితో ఒక రోజంతా దాన్ని వదిలెయ్యాలి, నీడలో, కదపకుండా. తొందరపడి రెండు గంటల్లో పూల్‌లో దిగితే ఊడుతుంది, ఊడితే "ఇవి పనికిరావు" అంటారు. చాలావరకు ఊడిపోయాయనే కంప్లైంట్లు ఈ ఒక్క రోజు ఆగకపోవడం వల్లా, జిడ్డు వల్లా వచ్చేవే.

సరిగ్గా అంటితే మాస్క్‌లో నీళ్ళొచ్చి క్లియర్ చేసినా (ముక్కుతో గాలి ఊది ఆ నీళ్ళని బయటికి పంపినా) కదలదు. దాన్ని కదిపేవి వేరే ఉన్నాయి. ముఖానికి జిడ్డుగా సన్‌స్క్రీన్ రాసుకుని ఆ చేతులతోనే మాస్క్ లోపల తుడవడం ఒకటి. అద్దానికి ఆవిరి పట్టకుండా ఉమ్మి రాసేటప్పుడు వేలిని కింద నుంచి పైకి తోయడం ఇంకొకటి, అంచు లేస్తుంది, పై నుంచి కిందకి మెల్లగా రాయాలి. ఆవిరి పట్టకుండా కొట్టే స్ప్రేలలో ఆల్కహాల్ ఉన్నవి వాడొద్దు, చిన్నపిల్లల షాంపూ నీళ్ళలో కలిపి ఒక చుక్క చాలు. బోటు మీద అందరి మాస్కులూ ఒకే డ్రమ్ములో పడేస్తారు చూడండి, మీది అందులో వెయ్యకండి, పెట్టెలోనే ఉంచుకోండి. ఏప్రిల్ ఎండలో కారు డాష్‌బోర్డ్ మీద వదిలేసినా అంచులు లేస్తాయి.

నీళ్ళలో నిజంగానే ఊడితే కంగారుపడక్కర్లేదు, అది మాస్క్ లోపలే ఉంటుంది. దానికోసం మాస్క్ తీయొద్దు, మీవారికి సైగ చేసి గేజ్ చూపించండి, మీకు అంకెలు అస్సలు కనపడట్లేదంటే ఆ డైవ్ అక్కడితో ముగించి ఇద్దరూ కలిసి పైకి వచ్చేయండి. జత కొంటారు కాబట్టి కొంతమంది ఒక కంటికే అంటించి రెండోది స్పేర్‌గా పెట్టుకుంటారు, ఒక కన్ను దగ్గరికి, ఇంకోటి మొత్తం దూరానికి, కొందరికి ఇది హాయిగా అలవాటైపోతుంది, కొందరికి అస్సలు పడదు. మీకు మొదటిసారి కాబట్టి రెండు కళ్ళకీ పెట్టుకుని, వీలైతే ఇంకో జత దగ్గర ఉంచుకోండి.

చాలామంది మర్చిపోయేది ఒకటుంది: లెన్స్ ఉన్న మాస్క్ పెట్టుకుని బోటు మీద నడిచినా, నిచ్చెన దిగినా మీ కాళ్ళ దగ్గర అంతా మసగ్గా ఉంటుంది, బైఫోకల్ అద్దాలు కొత్తగా పెట్టుకున్నప్పుడు మెట్లు దిగడంలో వచ్చే ఇబ్బందే ఇదీ. బరువు సిలిండర్ వీపు మీద ఉండగా తడి డెక్ మీద కాలు జారితే చాలా ప్రమాదం. నీళ్ళలో దిగబోయే ముందే మాస్క్ ముఖానికి పెట్టుకోండి, అప్పటిదాకా మెడలో ఉంచుకోండి, పైకి వచ్చి నిచ్చెన ఎక్కేటప్పుడు కడ్డీ చేత్తో తడుముకుంటూ ఎక్కండి.

పవర్ మాస్క్ సంగతి. రెండు విడి అద్దాలున్న మాస్కులకి, క్రెస్సీ, టుసా లాంటి కంపెనీలు వాటికి సరిపడే రెడీమేడ్ పవర్ అద్దాలు చేస్తాయి, కింద భాగంలో మాత్రమే రీడింగ్ పవర్ ఉన్నవి కూడా దొరుకుతాయి, పాత అద్దం తీసి అది బిగించడమే. గాజు కాబట్టి చూపు ఇంకా తేటగా ఉంటుంది, ఊడుతుందన్న దిగులు లేదు. కానీ ఖరీదెక్కువ, ఏ మోడల్‌కి ఏ అద్దం అని వెతుక్కోవాలి, చత్వారం మీ వయసులో ఇంకా కొంత పెరుగుతుంది, రెండు మూడేళ్ళలో మళ్ళీ మార్చాలి. ఇప్పటికి అంటించే లెన్స్‌తో మొదలుపెట్టండి, ఏ పవర్ మీకు నిజంగా పడిందో ఒకట్రెండు సీజన్లలో తేలిపోతుంది, అప్పుడు గాజు అద్దానికి వెళ్తే డబ్బు వృథా కాదు. ఏదైనా సరే మీ సొంత మాస్క్ ఉండాలి, అద్దె మాస్క్‌కి అంటించడం పెట్టుకోకండి.

దూరం చూపుకి మైనస్ పవర్ ఉన్న పాఠకులకి ఒక మాట: మీ మాస్క్‌లో ఇప్పటికే మైనస్ అద్దాలుంటే వాటి లోపలి వైపు గుంటగా వంపు ఉంటుంది, వంపు ఎక్కువైతే ఈ లెన్స్ సరిగ్గా అతుక్కోదు, మీకు బైఫోకల్ గాజు అద్దమే దారి. మైనస్ కొద్దిగా, ఒకటీ రెండూ ఉన్నవాళ్ళు అసలు అద్దాలు లేకుండానే గేజ్ చదవగలుగుతారు, ముందు అది చూసుకోండి. చౌకగా దొరికే, సన్నటి గీతలు గుండ్రంగా గీసినట్టుండే పలచటి ప్లాస్టిక్ షీట్లు మాత్రం వద్దు, ఆ గీతల సందుల్లో నీటిచుక్కలు నిలిచి అంతా చెదిరిపోయి కనపడుతుంది. మామూలు కళ్ళజోడు మాస్క్ లోపల పెట్టుకోవడం కుదరదు, కాడల దగ్గర నీళ్ళు కారతాయి. కాంటాక్ట్ లెన్సులు మెత్తటివైతే డైవింగ్‌కి పర్వాలేదు, గట్టివి వద్దు, పైకి వచ్చేటప్పుడు లెన్స్ కింద బుడగలు చేరి కన్ను మసకబారుతుంది, మంట పుడుతుంది. మెత్తటివి కూడా రోజూ పారేసేవే మేలు, నీళ్ళు తగిలిన లెన్స్‌ని మళ్ళీ కంట్లో పెట్టుకుంటే ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంది.

కొత్త కంప్యూటర్ కొనే ఆలోచన ఎప్పుడైనా వస్తే అంకెలు పెద్దగా, వెలుగుతూ కనపడే కలర్ స్క్రీన్ ఉన్నది చూడండి, షియర్‌వాటర్ వాళ్ళవి ఈ విషయంలో నాకు బాగా నచ్చుతాయి. లెన్స్ ఉన్నా అది అదనపు సుఖమే, వెలుతురు తగ్గినప్పుడు తేడా తెలుస్తుంది.

లెన్స్ ఆర్డర్ పెట్టే ముందు ఒకసారి కళ్ళు చూపించుకోండి, వైజాగ్‌లోనే ఎల్ వీ ప్రసాద్ ఆసుపత్రి ఉంది, లేదా మీకు అలవాటైన డాక్టరే. మసక అంతా చత్వారమే అని మనం అనుకుంటాం, శుక్లం మొదలైనా మసకే, షుగర్ పైకీ కిందకీ ఊగుతున్నా పవర్ మారిపోతూ ఉంటుంది. రెండు కళ్ళకీ విడివిడిగా దగ్గర పవర్ ఎంతో రాయించుకోండి, 30 సెంటీమీటర్లకి, 40 సెంటీమీటర్లకి వేరువేరుగా చూడమని చెప్పండి, దేనికో కూడా చెప్పండి. లేజర్ గానీ, శుక్లం గానీ, గ్లకోమా గానీ ఏ ఆపరేషన్ అయి ఉన్నా, ఎప్పుడు మళ్ళీ దిగొచ్చో ఆ డాక్టరే చెప్పాలి. ఇక్కడ లెన్సులు ప్రతి షాపులో దొరకవు, తెప్పించుకోవాలి, టైమ్ పడుతుంది, జనవరి ట్రిప్ అంటే నవంబర్‌లోనే ఆర్డర్ పెట్టేసి డిసెంబర్‌లో పూల్‌లో ఒకసారి దిగి చూసుకోండి. పూల్‌లో అడుగున కూర్చుని కంప్యూటర్, గేజ్ రెండూ చదవండి, మాస్క్‌లోకి నీళ్ళు వదిలి క్లియర్ చేసి మళ్ళీ చదవండి, కళ్ళెత్తి అవతలి గోడ చూసి మళ్ళీ గేజ్‌కి రండి. తల బాగా దించితే తప్ప కనపడట్లేదంటే లెన్స్ మరీ కిందకి ఉందని, గోడ చూసినప్పుడు అడ్డొస్తోందంటే పైకి ఉందని, తీసి మళ్ళీ అంటించండి, మళ్ళీ ఒక రోజు ఆరనివ్వండి.

డాక్టర్ దగ్గరికి ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి ఇంకో పని కూడా కలుపుకోండి. డైవ్ సెంటర్లలో నింపమనే మెడికల్ ఫామ్‌లో 45 ఏళ్ళు దాటారా అని ఒక ప్రశ్న ఉంటుంది, మీరిద్దరూ అవును అని పెట్టాల్సిన వాళ్ళే, అక్కడ్నుంచి బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్, ఇంట్లో గుండె జబ్బుల చరిత్ర లాంటివి అడుగుతుంది, వాటిలో ఏ ఒక్కదానికి అవునన్నా డాక్టర్ సంతకం లేకుండా నీళ్ళలో దించరు. హేవ్‌లాక్‌లో దిగాక ఆ సంతకం కోసం తిరగడం కంటే ఆ ఫామ్ ఇప్పుడే ప్రింట్ తీసుకుని, ఇద్దరూ మీ ఫిజీషియన్ దగ్గర చూపించుకుని, సంతకం పెట్టించుకుని బ్యాగులో పెట్టుకోండి.